సీటు ఎంత వాలుతుంది

మార్చి 4, మంగళవారం

అక్క ఇంటికి చేరాను. తలుపు తీసింది అక్క కాదు, కింద అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు గారు. తాళంచెవి ఇప్పుడు ఆయన దగ్గరే ఉంటోందట. "మీ చెల్లెలొచ్చిందమ్మా!" అని లోపలికి కేకేసి, నా పెట్టె గుమ్మం లోపల పెట్టి, ఇంకో మాట లేకుండా దిగిపోయారు.

అక్క మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏమే కొలతల రాణీ, విమానంలో ఏ సీట్లో వచ్చావ్? కాళ్ళు చాపుకునే చోటుందా, లేదా?"

చెప్పాను. నవ్వింది. నవ్వుతుంటే నడుం దగ్గర పట్టేసినట్టుంది, పళ్ళు బిగబట్టింది. నేను చూడనట్టే పెట్టె విప్పి బట్టలు సర్దుకున్నాను.

ఈ ఇంట్లో చప్పుడు లేదు. ఫ్రిజ్ మోత ఒక్కటే. అది కూడా ఆగినప్పుడు భయమేస్తోంది.

మార్చి 5, బుధవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. డ్రైవరు గారే తన కార్లో వెనక సీటు మీద అక్కని పడుకోబెట్టి తీసుకెళ్ళారు. జబ్బు వెన్నులోకి దిగిందని అక్కకి ముందే తెలుసు. నాకు ఫోన్లో చెప్పలేదంతే. ఇక మందులు నొప్పికే గాని జబ్బుకి కాదు.

"నాకు చప్పుడున్న ఇంట్లో పోవాలనుంది డాక్టరమ్మా" అంది అక్క, టీ కావాలని అడిగినంత మామూలుగా. "మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు. పొద్దస్తమానం కొట్టుకుంటారు. మా మరిది టీవీ పెద్దగా పెడతాడు. ఆ ఇంటికి పోతాను."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "తీసుకెళ్ళండి. ఈ వారమైతే మరీ మంచిది, పై వారమైనా సరే. ప్రయాణానికి పనికొస్తుందని కాగితం నేను రాసిస్తాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాసేపు కూర్చోగలదు. మిగతా దారంతా పడుకోబెట్టగలిగితే ఏ విమానమైనా ఫరవాలేదు. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

"సీటు ఎంత వాలాలి డాక్టరుగారూ?" అని అడిగాను.

ఆమె నన్నే చూసి, "వాలినంత" అంది.

ఆవిడకి సీట్ల గురించి ఓనమాలు తెలియవు. తప్పు పట్టను, ఆవిడ పని అది కాదు. నా పని అది. బిజినెస్ క్లాసు పడకలు మా తాహతుకి అందవు, ఆ మాట నేనెత్తకముందే అక్క కొట్టిపారేసింది. ఇక మిగిలింది ప్రీమియం ఎకానమీ. ముందున్న పడకలకీ వెనకున్న మామూలు సీట్లకీ మధ్యలో ఉండే ఆ నాలుగైదు వరసలే నా రాజ్యం. విమానాల సీట్లు పోల్చి రాసే మా వెబ్‌సైటులో నాకు పేరు పడిందంటే వాటి గురించి రాసే పడింది. వెనక క్యాబిన్ గురించి మా ఆఫీసులో వేరే ఆయన రాస్తాడు. రెండు క్యాబిన్ల మధ్య వేలాడే ఆ తెర దాటి నేను చూసి కూడా చాలా ఏళ్ళయింది.

ఇన్నాళ్ళూ ముక్కూ మొహం తెలియనివాళ్ళ నడుముల కోసం సీట్లు పోల్చాను. మొదటిసారి నావాళ్ళ కోసం. తప్పు చెయ్యకూడదు.

మార్చి 6, గురువారం

రోజంతా ల్యాప్‌టాప్ ముందే.

ఎర్రతోక: (ఆఫీసులో మేం కంపెనీల్ని తోక రంగుతోనే పిలుస్తాం, అక్కకి అది తెగ నచ్చింది) వీపు బాగా వాలుతుంది. వెడల్పు బాగుంది. పిక్కల కింద పలక ఉంది గాని పొట్టిది. అక్క పొడుగు మనిషి, పాదాలు గాల్లో వేలాడతాయి. శనివారానికీ సోమవారానికీ పక్కపక్కన రెండు సీట్లు ఉన్నాయి.

నీలితోక: డొల్ల సీటు. వెనక పలక కదలదు, కూర్చున్న భాగమే ముందుకి జారుతుంది. వెనకవాళ్ళ మోకాళ్ళు నలగవని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటూ రాశాను. ఇప్పుడు అక్క నడుముని పెట్టి ఆలోచిస్తే ఒళ్ళు మండింది. జారిన కొద్దీ నడుం కింద బోలు. కొట్టేశాను.

పచ్చతోక: పాత క్యాబిన్ దండగ. కాని ఈ నెల మూడో వారం నుంచి ఈ దారిలో కొత్త క్యాబిన్ వేస్తున్నారు. ఫోటోలు చూశాను. పిక్కల నుంచి మడమల దాకా ఒకటే పలక. తల పక్కకి వాలిపోకుండా రెండు చెవులు. వీపు వాలితే కింద భాగం కొంచెం పైకి లేస్తుంది, ఊయలలాగా. నడుం మీద బరువు పడదు.

మూడింటికీ ఉమ్మడి లోపం ఒకటుంది: రెండు సీట్ల మధ్య చెయ్యి ఆనించుకునే పలక పైకి లేవదు. భోజనం బల్ల దానిలోనే దాస్తారు కాబట్టి గోడలా బిగించేస్తారు. నా ప్రతి వ్యాసంలోనూ ఈ లోపం రాస్తాను. ఈ తరగతిలో ఇది తప్పదు, చేసేదేం లేదు.

సాయంత్రం మా ఎడిటర్ మెసేజ్. 'మీరు అక్కడే ఉన్నారు కదా, వచ్చేటప్పుడు పచ్చతోక కొత్త క్యాబిన్‌లో రండి. దూర ప్రయాణాలకి ప్రీమియం ఎకానమీలో ఏది మేలు అని పెద్ద వ్యాసం వేద్దాం. దాని గురించి మొదట మనమే రాయాలి.'

జవాబివ్వలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 7, శుక్రవారం

ఇంకా ఏదీ ఖాయం చెయ్యలేదు. అక్క రెండుసార్లు అడిగింది.

మార్చి 8, శనివారం

ఫోటోలు చూసి నిర్ణయించడం కాదు, కూర్చోబెట్టి చూడాలి. ఆఫీసులో కూడా నేనలాగే చేస్తాను, ఎవరి మాటా నమ్మను. అక్క ఇంట్లో ఉన్న చేతుల్లేని కుర్చీ ముందు కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. డ్రైవరు గారు మేడ కింద నుంచి మోసుకొచ్చారు పాపం, ఎందుకని అడగలేదు. వీపు వెనక దిళ్ళు కట్టి, వాలు సరిచూసి, కాళ్ళ కింద ముక్కాలిపీట మీద దుప్పటి మడతపెట్టి ఎర్రతోక తయారు చేశాను. పీట ఇంకొంచెం పొడుగు జరిపితే పచ్చతోక.

అక్క మంచం మీద నుంచి చూస్తూ, "పెళ్ళిచూపులకి కూడా నన్నింత ముస్తాబు చేసిన కుర్చీలో కూర్చోబెట్టలేదే" అంది.

"మాట్లాడకుండా రా."

"బెల్టేది?"

దుపట్టా కట్టాను. డ్రైవరు గారు గుమ్మంలో నిలబడి, "అంతా ఎక్కినట్టేనా, రైట్ రైట్!" అన్నారు. ముగ్గురం నవ్వాం. ఈ ఇంట్లో ఇన్ని రోజుల్లో అంత నవ్వు ఇదే మొదలు.

ఎర్రతోకలో టీ తాగినంతసేపు కూర్చుంది. తర్వాత మొహం తెల్లబడింది. పచ్చతోకలో టీవీ సీరియల్లో సగం దాకా కూర్చుంది. తేడా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. నా అంచనా తప్పలేదు.

(ఈ రోజు ఎర్రతోక విమానం మధ్యాహ్నం వెళ్ళిపోయింది.)

మార్చి 9, ఆదివారం

మా ఆయన ఫోన్. వెనక పిల్లలు దేనికోసమో గొంతులు చించుకుంటున్నారు. అక్క ఫోన్ తీసుకుని చెవికి నొక్కిపెట్టుకుంది, మాట్లాడకుండా వింటూ ఉండిపోయింది. తర్వాత నాకిచ్చింది.

"వదిన గొంతు అలా ఉందేంటి? ఏదో ఒకటి పట్టుకుని వచ్చెయ్యండి" అన్నాడు. "సీటు సంగతి దేవుడెరుగు. ముందు బయల్దేరండి."

"నీకేం, అక్కడ కూర్చుని చెప్తావ్. దారిలో అక్క పడే బాధ ఎవరు చూడాలి?"

"గదిలో పిల్లల మంచాలు పక్కకి జరిపేశాను. వదిన మంచం కిటికీ దగ్గర వేశాను. ఇంక ఆ మంచం ఖాళీగా చూడ్డం నావల్ల కావట్లేదే."

ఆయనకి ఎప్పుడూ తొందరే. సినిమాకి కూడా పేర్లు పడకముందే లేచిపోతాడు.

మార్చి 11, మంగళవారం

ఖాయం చేశాను. పచ్చతోక, ఇరవై రెండో తారీఖు. రెండో వరస, కిటికీ పక్కన అక్క, ఇవతల నేను.

అక్కకి చెప్పాను.

"ఇరవై రెండా?"

"కొత్త సీటక్కా. నువ్వే చూశావుగా ఎంతసేపు కూర్చోగలిగావో."

"సరేలే. నీకు తెలిసినంత నాకు తెలుసా." మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఎందుకంత దూరం పెట్టుకున్నారు?" అంది. మంచి సీటు కోసమన్నాను. ఆవిడ ప్రయాణానికి రెండు రోజుల ముందు చూసి కాగితం రాస్తానంది.

ఎడిటర్‌కి కూడా చెప్పాను, ఇరవై రెండున కొత్త క్యాబిన్‌లో వస్తున్నానని. ఎలాగూ వస్తున్నప్పుడు చెప్పడానికేం. ఇది వ్యాసం కోసం కాదు. అక్క నడుం కోసం.

ఇది వ్యాసం కోసం కాదు.

మార్చి 13, గురువారం

రోజూ కుర్చీలో కూర్చోబెడుతున్నాను. శరీరానికి అలవాటు చెయ్యాలి. ఈ రోజు సీరియల్ మొత్తం అయిపోయేదాకా కూర్చుంది, తర్వాత వార్తలు కూడా. మెరుగు స్పష్టంగా తెలుస్తోంది. నా మనసు తేలికపడింది. మా ఆయనకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా.

మార్చి 14, శుక్రవారం

వారానికోసారి వచ్చే నర్సు మందుల డబ్బా చూసి మొహం చిట్లించింది. నొప్పి మాత్రలు అప్పుడే ఎందుకు అయిపోవస్తున్నాయని నన్నడిగింది. నేను తెల్లమొహం వేశాను.

నర్సు వెళ్ళాక అక్కని అడిగాను. ముందు మాట దాటేసింది. గట్టిగా అడిగితే, "కుర్చీ ఎక్కేముందు ఒకటి ఎక్కువ వేసుకుంటున్నానే" అంది. "నువ్వంత ముచ్చటపడి కట్టావ్. కూర్చోలేనంటే చిన్నబుచ్చుకుంటావని."

స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం డాక్టరమ్మ మీద వచ్చింది. అంత పెద్ద చదువు చదివిన మనిషి, 'వాలినంత' అని ఊరుకుంటుందా? ఇంత వాలాలి అని చెప్పి ఉంటే నేనెప్పుడో తేల్చేసేదాన్ని.

ఇటుకలు తీసెయ్యలేదు. అలవాటు మధ్యలో మానకూడదు. మాత్రలు మాత్రం నా సంచిలో పెట్టుకున్నాను.

మార్చి 15, శనివారం

కుర్చీలో కూర్చోబెట్టాను. టీ చల్లారకముందే దించెయ్యమంది.

మార్చి 16, ఆదివారం

ఈ రోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. రాయకూడదనుకున్నాను, రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను నీలితోక గురించి మళ్ళీ చదువుతున్నాను. నడుం కింద దిండు పెడితే దాని బోలు పూడుతుందేమో, అది బుధవారమే ఉంది కదా అని. అక్క అటు తిరిగే అంది:

"ప్రయాణమంటే అందరూ ఎప్పుడు చేరతాం అని అడుగుతారే. ఎలా కూర్చుంటాం అని అడిగేదానివి నువ్వొక్కదానివే."

"నీ కోసమే కదక్కా ఈ తంటాలన్నీ!"

"గోనెసంచిలా మూలన పడేసి తీసుకెళ్ళు. ఒక్క రోజే కదా. మూలుగుతాను, ఏడుస్తాను, చేరతాను. ఆ తర్వాత నీ పిల్లలు గోల చేస్తుంటే వింటూ పడుంటాను."

"నువ్వు అన్ని గంటలు పక్కన మూలుగుతుంటే నేను చూడలేను. చుట్టూ అంతమంది జనం, లేచి వెళ్ళడానికి చోటు కూడా ఉండదు. నావల్ల కాదు."

అప్పుడు ఇటు తిరిగింది. తిరగడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చెయ్యబోతే వద్దంది.

"అదీ సంగతి" అంది. "అంటే సీటు నా నడుముకి కాదు. నీ కళ్ళకి."

ల్యాప్‌టాప్ మూసేశాను. కాసేపటికి తనే, "సరేలే, టీ పెట్టు. నీ చేతి టీ కూడా ఆ నీలితోకలాగే ఉంది, పైకి బాగానే ఉంటుంది, కింద బోలు" అంది. టీ పెట్టాను. నవ్వించాలని చూసింది గాని నాకు నవ్వు రాలేదు.

మార్చి 18, మంగళవారం

పచ్చతోక నుంచి మెసేజ్. ఇరవై రెండున విమానం మార్చారట. పాత క్యాబిన్ వస్తుంది. కొత్తది ఇంకా కొన్నాళ్ళు పడుతుంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

నా ప్రతి వ్యాసం అడుగునా చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: విమానం మారవచ్చు, సీటు మారవచ్చు, చూసుకుని కొనండి. రాసింది నేనే.

ఇప్పుడేం చెయ్యాలి? పాత క్యాబిన్‌లోనే వెళ్ళిపోవచ్చు. తారీఖు మారలేదు. కాని ఆ సీటుని నేనే ఒకప్పుడు ఉతికి ఆరేశాను. నడుం సరిగా ఉన్నవాళ్ళకే పనికిరాదని రాసినదాన్ని, దాంట్లో అక్కని ఎలా కూర్చోబెట్టను?

రద్దు చేశాను. ఎర్రతోక తీసుకున్నాను. పక్కపక్క సీట్లు ఇరవై అయిదున గాని లేవు. పాదాలు వేలాడతాయి, నా చేతిసంచి కింద పెడితే సరిపోతుంది. మొదటి వారంలో ఇదే సీటు శనివారానికీ సోమవారానికీ ఖాళీగా ఉంది. ఆ సంగతి గుర్తు చేసుకోకూడదు.

అక్కకి చెప్పాను. "ఓహో" అంది. ఇంతకు ముందైతే ఏదో ఒక వేళాకోళం ఆడి ఉండేది.

మార్చి 19, బుధవారం

కుర్చీ వద్దంది. నేనూ బలవంతపెట్టలేదు.

మార్చి 20, గురువారం

పొద్దున లేపబోతే ఎడమ కాలు తనది కానట్టు ఉండిపోయింది. "తిమ్మిరేమో" అంది. "తిమ్మిరే" అన్నాను. ఇద్దరం అబద్ధమే చెప్పుకున్నాం. ఊపిరి తీస్తుంటే లోపల ఏదో గరగరమంటోంది. డ్రైవరు గారు వచ్చి చూసి, చెప్పులు వేసుకోకుండానే కారు తియ్యడానికి దిగిపోయారు.

మార్చి 21, శుక్రవారం

డాక్టరమ్మ కాగితం రాయనంది.

ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. పైకి వెళ్ళాక గాలి చాలదు, దారి మధ్యలోనే పోతుంది, ఏ కంపెనీ ఎక్కించుకోదు అంది. మెల్లిగా చెప్పింది, మంచిదే ఆవిడ. నేనే మతి లేనిదానిలా, "సీటు మంచిదేనండీ, బాగా వాలుతుంది" అన్నాను.

"అమ్మా" అంది డాక్టరమ్మ, నా చెయ్యి పట్టుకుని. "సీటు సంగతి కాదు."

అక్క వింటూనే ఉంది. కారులో వెనక పడుకుని దారంతా కిటికీలోంచి పైకి చూస్తూ వచ్చింది. ఇంటికొచ్చాక మంచం మీద సర్దుతుంటే నా చెంప మీద చెయ్యి పెట్టి, "నువ్వు బాగా వెతికావే" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 22, శనివారం

ఇంటికి తీసుకెళ్ళలేకపోతే ఇంటినే ఇక్కడికి తెద్దామనుకున్నాను. మా ఆయనకి చెప్పి పొద్దున్నే ఫోన్ కలిపి ఉంచేశాం. అక్కడ హాల్లో ఫోన్, ఇక్కడ అక్క దిండు పక్కన ఫోన్. చప్పుడు రావాలి.

రాలేదు. మా ఆయన పిల్లలకి చెప్పేశాడు, పెద్దమ్మ వింటోంది, మీరు మామూలుగా ఉండండి, గోల చేసుకోండి అని. అంతే, వాళ్ళ నోళ్ళు పడిపోయాయి. రోజూ ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు పిల్లుల్లా నడుస్తున్నారు. "కొట్టుకోండిరా!" అని ఆయన అరవడం వినిపించింది. పెద్దది ఏడుపు గొంతుతో, "దేనికి కొట్టుకోవాలి నాన్నా?" అంది.

అక్క కళ్ళు మూసుకునే నవ్వింది. "పోనీలే, వాళ్ళనలా ఏడిపించకు" అంది. సాయంత్రం దాకా ఫోన్ అలాగే ఉంచాం. గిన్నె చప్పుడొకటి, తలుపు చప్పుడొకటి. అక్క ప్రతిదానికీ చెవి అటు తిప్పింది.

మార్చి 24, సోమవారం

అక్క పోయింది. పొద్దున, నేను టీ కలుపుతుంటే.

మార్చి 25, మంగళవారం

ఎర్రతోక వెళ్ళిపోయి ఉంటుంది ఈపాటికి.

మార్చి 27, గురువారం

అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళు కొద్దిమందే. అక్క పనిచేసిన కళ్ళద్దాల షాపు వాళ్ళు, నర్సు, ఈ మేడలోవాళ్ళు. అందరూ గుసగుసగా మాట్లాడారు. గట్టిగా మాట్లాడండి అని అరవాలనిపించింది. డ్రైవరు గారు ఒక్కరే వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ, ఇల్లు ప్రతిధ్వనించేలా ఏడ్చారు. ఆయన కాళ్ళకి మొక్కాలనిపించింది.

తర్వాత ఆయనే కుర్చీ కింద ఇటుకలు తీశారు.

ఎడిటర్ ఫోన్ చేసి ఓదార్చాడు. పచ్చతోక కొత్త క్యాబిన్ శనివారం నుంచి నిజంగానే మొదలవుతోందట. దాంట్లోనే టికెట్ ఇప్పిస్తానన్నాడు, రాయాలనేం లేదు, హాయిగా పడుకుని రండి అన్నాడు. సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో నాకు తెలియదు.

మార్చి 29, శనివారం. విమానంలో.

రెండో వరస. ఇవతలి సీటు నాది. కిటికీ పక్కన ఎవరో పెద్దాయన, ఎక్కగానే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని నిద్రపోయాడు.

అలవాటు ప్రకారం చేతులు వాటంతట అవే పనిలో పడ్డాయి. వీపు వాల్చాను. పలక మడమల దాకా వచ్చింది. తల పక్క చెవులు సరిగ్గా కుదిరాయి. నడుం మీద బరువు నిజంగానే పడటం లేదు. ఫోటోల్లో చూసి నేననుకున్నదానికి ఏమాత్రం తీసిపోదు. ఇంత మంచి సీటు ఈ తరగతిలో నేనెప్పుడూ చూడలేదు. నా అంచనా తప్పలేదని రాసుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

అయినా పక్కకి తిరగబోతే చెయ్యాన్చే పలక పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. అక్క పక్కకి తిరిగే పడుకునేది. ఈ ఇరుకులో ఎలా తిరిగేది? ఇన్ని రోజులు కుర్చీకి దిళ్ళు కట్టాను గాని ఈ పలకలు కట్టి చూడలేదు.

అదే రోజు, తర్వాత.

రాసెయ్యాలి.

భోజనాలయ్యాక మా వైపు బాత్రూమ్ ముందు జనం ఉన్నారు. ఎయిర్‌హోస్టెస్ వెనకది ఖాళీగా ఉంది వెళ్ళండి అంది. తెర ఎత్తుకుని వెనక క్యాబిన్‌లోకి వెళ్ళాను. కిటికీల మూతలు దించేసి ఉన్నాయి. ముందు వరసల్లో జనం ఉన్నారు గాని వెనక్కి పోయేకొద్దీ సగానికి సగం ఖాళీ.

చివర్న ఒక వరసలో ఒక పెద్దావిడ పడుకుని ఉంది.

వాలి కాదు, పడుకుని. మూడు సీట్లకీ మధ్యనున్న చేతి పలకలు పైకి లేపేసి, పక్కకి తిరిగి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని, తల కింద స్వెట్టర్ మడతపెట్టుకుని, ఒంటి చుట్టూ బెల్టు వదులుగా పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. దాని వెనక వరసలో ఇంకొకాయన అలాగే. ఈ పక్క వరసలో తల్లీ బిడ్డా అలాగే.

ఇక్కడ పలకలు లేస్తాయి. ఇక్కడి భోజనం బల్లలు ముందు సీటు వీపుకి ఉంటాయి కాబట్టి. ఇది నాకు తెలియని సంగతి కాదు. విమానం ఎక్కిన ఎవరికైనా తెలుసు. మూడు సీట్లు తీసుకుంటే అయిపోయేది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాసేపు కూర్చుని, మిగతా దారంతా మంచం మీద పడుకున్నట్టే పక్కకి తిరిగి పడుకునేది. ఏ రోజైనా, ఏ తోక విమానమైనా సరిపోయేది. నేను వచ్చిన వారంలోనే. డాక్టరమ్మ చెప్పింది కూడా ఇదే. పడుకోబెట్టి తీసుకెళ్ళండి అంది. సీటు వాల్చమని ఎక్కడా అనలేదు.

నేను తెర ఇవతలే వెతికాను.

అక్కడే నిలబడిపోయాను. ఆ పెద్దావిడ నిద్రలో మూలిగి, ఇంకో పక్కకి తిరిగింది. ఎంత సులువుగా తిరిగిందో. పక్కనున్న సీటు వీపు పట్టుకున్నాను.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఏమైందండీ, ఒంట్లో బాలేదా? ఈ వరస మొత్తం ఖాళీయే. కాసేపు పడుకోండి."

"వద్దండీ" అన్నాను. "నా సీటు ముందుంది. ప్రీమియంలో."

"అవునా!" అంది ఆ పిల్ల నవ్వుతూ, తెర పక్కకి పట్టుకుని నాకు దారిస్తూ. "అయితే ఇంకేం, మీకు అక్కడే హాయి."